హెచ్‌టీఎంఎల్ వడ్డించిన తెలివిగంటి వారు

నేలపర్తిపాడులో తెలివిగంటి వారింట్లో తెలివికి ఎన్నడూ కొదవ లేదు. ఈ మాట ఎవరన్నారని అడిగితే, వాళ్ళే అన్నారు. "ఊళ్ళో మిగతావాళ్ళు తెలివి సంపాదించుకోవాలి. మనకి ఇంటిపేరులోనే ఉంది, పుట్టగానే వచ్చేస్తుంది" అనేవాడు అన్నదమ్ముల్లో పెద్దవాడైన భీమేశం. తమ్ముళ్ళు కుమారస్వామి, తాతారావు ఔనన్నట్టు తలలూపేవాళ్ళు. ఊపమని అన్నయ్య చెప్పాడు గనక ఊపేవాళ్ళు. ఆపమని చెప్పడం అన్నయ్య మరిచిపోతే భోజనాల వేళ దాకా ఊపుతూనే ఉండేవాళ్ళు.

ఈ ముగ్గుర్నీ పెంచి పెద్దచేసింది మేనత్త పేరంటాలమ్మ. ఆవిడ అప్పడాలు చేసి అమ్ముతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిభోజనానికి కూర్చున్నవాళ్ళు పక్క విస్తట్లో అప్పడం విరిగిన చప్పుడు విని, "ఇది పేరంటాలమ్మగారి చెయ్యి" అని చెప్పేస్తారు. అంత పేరున్నా, ఎండలో వంగి వంగి ఆవిడ నడుం కాస్తా ఒంగిపోయింది. అత్త పొద్దున్నే నడుం పట్టుకుని లేస్తుంటే చూసి భీమేశానికి ప్రాణం ఉసూరుమనేది. అత్త నీడన కుర్చీ వేసుకుని కూర్చుని, పనివాళ్ళకి పని చెబుతుంటే ఒక్కసారి చూడాలని అతని కోరిక. తెలివి సంగతి ఎలా ఉన్నా అతని మనసు మాత్రం వెన్న.

అలాంటి సమయంలో పట్నం నుంచి దుర్గాప్రసాద్ గారని ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకి చాలా ఊళ్ళలో కిరాణా షాపులున్నాయి.

"అమ్మా, మీ అప్పడాలు మా షాపులన్నిటికీ కావాలి. మీరు నలుగురు పనివాళ్ళని పెట్టుకోవాల్సి వస్తుంది, అంత సరుకు తీసుకుంటాం. కాకపోతే మావాళ్ళు కంప్యూటర్లో చూసి ఆర్డరు పెడతారు. ఏ రోజు ఏ అప్పడాలు ఎండి తయారుగా ఉన్నాయో చూపించే పేజీ ఒకటి కావాలి. ఎండని బట్టి మీ సరుకు మారుతుంది కదా, పేజీ కూడా రోజూ మారుతుండాలి. ఆదివారం వస్తాను. అప్పటికి పేజీ ఉంటే ఆర్డరు మీది. లేదా, పక్కూరి వాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తాను."

"ఆయ్, అదెంత పనండీ!" అన్నాడు భీమేశం. పేజీ అంటే ఏమిటో అతనికి తెలియదు. తెలియని పనికి భయపడటం తెలివితక్కువ వాళ్ళ లక్షణమని మాత్రం గట్టిగా తెలుసు.

పట్నంలో కంప్యూటర్ సెంటర్ నడిపే విమలా మేడం పేరంటాలమ్మ అప్పడాలు తిని పెరిగిన మనిషి. అడగ్గానే వచ్చింది. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి పెట్టించింది. అంతలో వాళ్ళ చెల్లెలి పెళ్ళికి పొరుగూరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ చెప్పింది: "సర్వర్ నేను మాట్లాడి పెట్టాను. మీరు స్క్రిప్టు రాసి సర్వర్ మీద పెట్టండి. సర్వర్ దాన్ని చదువుకుని హెచ్‌టీఎంఎల్ బయటికి పంపిస్తుంది. అదే పేజీ. పంపడానికి చాలా దారులున్నాయి, ఇబ్బందైతే ఫోన్ చెయ్యండి. అర్థమైందా?"

"అయిందండీ" అన్నారు ముగ్గురూ. అర్థమైందా అని ఎవరడిగినా అయిందనడం ఆ ఇంటి మర్యాద.

మేడం వీధి మలుపు తిరగ్గానే ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు.

"సర్వర్ ఎవడ్రా?" అన్నాడు భీమేశం.

"అదేంటన్నయ్యా అలా అంటావు! బస్టాండు కాఫీ హోటల్లో పైడయ్య లేడూ? ఊరంతటికీ ఒకడే సర్వరు" అన్నాడు కుమారస్వామి.

"మరి హెచ్‌టీఎంఎల్?"

తాతారావు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆలోచించేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు, ఒక్కోసారి అలాగే నిద్రపోతాడు కూడా. ఆరోజు నిద్రపోలేదు. "హెచ్ అంటే హాటు. టీ అంటే టీ. ఎమ్మెల్ అంటే మందుసీసా మీద ఉంటుంది చూడు, మిల్లీలీటర్లు. వేడి టీ, కొలిచి పొయ్యాలి" అన్నాడు.

భీమేశానికి తమ్ముణ్ణి చూసి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి బుర్ర ఇంకో ఇంట్లో ఉంటే దిష్టి తగిలేది. అంతే, హోటలుకెళ్ళి పైడయ్యని పిలుచుకొచ్చారు.

"మేడం నీతో మాట్లాడారటగా?" అన్నాడు భీమేశం.

"మాట్లాడారండీ. టీలో పంచదార తగ్గించమన్నారండీ" అన్నాడు పైడయ్య.

"చూశారా, మాట్లాడే పెట్టారు!"

ఇంకేముంది, పైడయ్యని స్టూలు మీద కూర్చోబెట్టారు. అత్త చేసే అప్పడాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, అదే స్క్రిప్టు అనుకుని, దాన్ని పైడయ్య నెత్తిమీద పెట్టారు. గాలికి ఎగిరిపోకుండా పావుకిలో తూకపు రాయి పెట్టారు.

"బాబూ, నాకు చదవడం రాదండీ" అన్నాడు పైడయ్య.

"నెత్తిమీదున్నది ఎవడు మాత్రం చదవగలడు? నువ్వు టీ పంపు" అన్నాడు భీమేశం.

పైడయ్య రాయి పడిపోకుండా మెడ నిలబెట్టి నడుచుకుంటూ వెళ్ళి కెటిల్ నిండా టీ తెచ్చాడు. బయటికి పంపాలన్నారు గనక ఇంట్లో ఎవరూ చుక్క ముట్టలేదు. వీధిలో పోయేవాళ్ళందరికీ మందుసీసా మూతతో కొలిచి పోశారు. తాగినవాళ్ళు తాగారు, మీద ఒలకబోసుకున్నవాళ్ళు తిట్టారు.

భీమేశం ఫోన్ చేశాడు. "మేడం, హెచ్‌టీఎంఎల్ బయటికెళ్ళిందండీ. వేడివేడిగా వెళ్ళింది."

అవతల సన్నాయి మేళం మోగిపోతోంది. సగం మాటలే వినబడుతున్నాయి మేడానికి. "వెళ్ళిందా? నాకేం కనబడట్లేదే! పేజీ తెల్లగా ఉంది. ప్రింట్ పెట్టలేదా? ఒక్కో లైనుకీ ఒక్కో ప్రింట్ పెట్టాలండీ. ప్రింట్ లేని లైన్లోంచి ఏదీ బయటికి రాదు."

"అలాగేనండీ, లైనుకో ప్రింటు" అన్నాడు భీమేశం.

నేలపర్తిపాడులో లైన్లకి తక్కువేమిటి? రేషన్ షాపు దగ్గర ఒక లైను. గ్యాస్ బండల కోసం ఒక లైను. బ్యాంకు ముందు పింఛను వాళ్ళ లైను. జిరాక్స్ షాపులో 'పేరంటాలమ్మ మినప అప్పడాలు' అని ప్రింట్లు తీయించి, అన్నదమ్ములు లైనుకొకటి చొప్పున అంటించి వచ్చారు. రేషన్ షాపు దగ్గర మాత్రం అంటించడానికి గోడ దొరకలేదు, బియ్యం బోర్డు మీదే అంటించారు.

అంతే. రేషన్ లైన్లో ముందున్న ముసలాయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "ఈ నెల బియ్యం లేవు, అప్పడాలిస్తున్నారంట!" అన్నాడు. ఆ మాట లైను చివరికి చేరేసరికి "పేరంటాలమ్మ గారింట్లో ఇస్తున్నారంట" అయిపోయింది. లైనంతా సంచులతో సహా తెలివిగంటి వారింటి మీద పడింది.

పేరంటాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏంట్రా భీమేశం, ఇంతమంది?"

"ప్రింట్ పెట్టాం కదత్తా. లైన్లోంచి బయటికొచ్చారు" అన్నాడు భీమేశం. మేడం చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు అతనికి ఒళ్ళు పులకరించింది.

"గవర్నమెంటు వారు ఇమ్మంటే కాదంటామా, తప్పు కదూ" అని ఆవిడ అటకమీది డబ్బా దింపి అందరికీ పంచింది. ఆవిడ కూడా తెలివిగంటి వారి ఆడపడుచే మరి.

ఒక డబ్బా ఖాళీ అయింది కానీ పేజీ రాలేదు. భీమేశం మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడం, ప్రింట్లు అన్ని లైన్లకీ పెట్టామండీ. గ్యాసు లైనుకి కూడా."

"గ్యాసేంటండీ?" అంది మేడం. ఇంతలో తలంబ్రాలకి పిలుపొచ్చింది. ఆవిడ గబగబా చెప్పేసింది. "మాటలు కోట్స్‌లో పెట్టారా? కోట్స్ లేకపోతే తప్పు చూపిస్తుంది. డబుల్ కోట్స్ పెట్టండి. డబుల్ కోట్స్ లోపల మళ్ళీ కోట్స్ ఉంటే గొడవైపోతుంది. లోపలిదాన్ని ఎస్కేప్ చేయించండి, సరిపోతుంది."

భీమేశం ఫోన్ పెట్టేసి తమ్ముళ్ళకి విడమరచి చెప్పాడు. "మాటలు ఎక్కడుంటాయి? మనిషి లోపల. మాటల్ని కోట్లలో పెట్టాలంటే మనిషిని కోట్లలో పెట్టాలి. ఇంట్లో మాట్లాడేది ఎవరు? నేను."

ఊళ్ళో కోట్లు ఉన్నది ఒక్క ఫొటో స్టూడియోలోనే. పెళ్ళికొడుకులు ఫొటోకి వేసుకుని తిరిగిచ్చేసేవి అవి. స్టూడియో యజమాని సూర్యచంద్రాన్ని బతిమాలి రెండు తెచ్చారు. డబుల్ అన్నారు గనక ఒకదాని మీద ఒకటి తొడిగారు. రోళ్ళు పగిలే ఎండలు అవి. భీమేశం రెండు కోట్లలో నిలబడి, "మినప అప్పడాలు, పెసర అప్పడాలు, బియ్యప్పిండి అప్పడాలు" అని కంప్యూటర్‌కేసి చెప్పాడు. చెమట ధారగా కారుతోంది. కంప్యూటర్ తెల్లగానే ఉంది.

"అన్నయ్యా, గొడవ ఇదే" అన్నాడు కుమారస్వామి. "కోటు లోపల కోటుంది. లోపలిదాన్ని పారిపోనివ్వాలి."

"ఎలా పోతుందిరా? పైది వేసే ఉండాలి కదా."

"మనం సాయం చేద్దాం."

అన్నయ్యని అరుగు మీద పడుకోబెట్టి, కుమారస్వామి ఒక చేతిలోంచి, తాతారావు ఇంకో చేతిలోంచి లోపలి కోటు పట్టి లాగారు. చంక దగ్గర చిరిగి మొత్తానికి బయటపడింది. అప్పుడే కొబ్బరికాయల లోడుతో ట్రాక్టర్ ఒకటి అటు వెళ్తోంది. కుమారస్వామి పరుగెత్తి కోటుని దాని మీదికి విసిరి, "పారిపో! వెనక్కి చూడకు!" అని చెప్పి వచ్చాడు. కోటు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఎంత బుద్ధిగలదో అని మెచ్చుకున్నారు.

సాయంత్రం సూర్యచంద్రం వచ్చాడు. "నా రెండో కోటేదయ్యా?"

"ఎస్కేప్ అయిందండీ" అన్నాడు భీమేశం.

"ఎస్కేపవ్వడమేంటి?"

"మేము చేయించామండీ."

సూర్యచంద్రం ఉన్న ఒక్క కోటునీ ఒలుచుకుని, గోడకి ఆనించి ఉన్న భీమేశం సైకిలు కూడా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. "నా కోటు వచ్చాక నీ సైకిలు" అన్నాడు వెళ్తూ.

"పాపం, పెళ్ళికొడుకుల కోటు కదా, దానికి తోడుగా సైకిలు పంపుతున్నాడేమో" అన్నాడు తాతారావు.

శనివారం పొద్దున భీమేశానికి మొదటిసారి భయమేసింది. మర్నాడే ఆదివారం. పెరట్లో అత్త వంగి అప్పడాలు ఆరేస్తోంది, ఆరేసిన ప్రతి అప్పడానికీ "అబ్బా" అంటోంది. పేజీ రాకపోతే ఆవిడ జీవితాంతం ఇలాగే వంగి ఉంటుంది. మళ్ళీ మేడానికి ఫోన్ చేశాడు.

"పోనీ ప్రింట్ వదిలెయ్యండి" అంది మేడం, ఆవలిస్తూ. పెళ్ళింట్లో ఆవిడకి కంటిమీద కునుకు లేదు. "ఎకో కొట్టండి. రెండూ ఒకటే. ఎకో కొడితే ఠక్కున బయటికొచ్చేస్తుంది."

"ఎకో అంటే నాకు తెలుసు!" అన్నాడు తాతారావు. "మనం అరిస్తే కొండ మళ్ళీ అంటుందే, అదే. ఏడో తరగతి పాఠం. నేను రెండుసార్లు చదివాను."

ఊరి బయట రాళ్ళ క్వారీ ఉంది. సైకిలు లేదు గనక నడిచే వెళ్ళారు. కొండని నిలువునా కోసిన గొయ్యి, అడుగున బురద. భీమేశం అంచున నిలబడి గొంతు సవరించుకుని అరిచాడు. "ఓ పేజీ! బయటికి రా!"

"రా… రా…" అంది గొయ్యి.

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. "అన్నయ్యా, అది రానంటోంది. మనల్నే రమ్మంటోంది" అన్నాడు తాతారావు.

"మొహమాటం గల మనిషై ఉంటుంది. చిన్నవాడివి నువ్వెళ్ళి తీసుకురా" అన్నాడు భీమేశం.

అంతే, తాతారావు జారుకుంటూ కిందికి పోయి బురదలో కూరుకుపోయాడు. అక్కణ్ణించి, "కుమారన్నయ్యా, నువ్వూ రా!" అని కేక పెట్టాడు. "నువ్వూ రా… నువ్వూ రా…" అంది కొండ నాలుగు వైపుల నుంచీ. ఇంతమంది పిలుస్తుంటే ఆగడం బాగుండదని కుమారస్వామీ దిగాడు. పైన భీమేశం ఒక్కడే మిగిలాడు. "మీరే పైకి రండి!" అని అరిచాడు.

"రండి… రండి…"

ఈసారి మర్యాదగా పిలిచింది. పెద్దవాడని గుర్తించి మరీ 'అండి' చేర్చి పిలిస్తే పోకపోవడం ఎక్కడి సంస్కారం? భీమేశం పంచె పైకి కట్టి తనూ దిగాడు. ఇంకేముంది, ముగ్గురూ నడుముల్లోతు బురదలో నిలబడి పేజీ కోసం ఎదురుచూశారు. మధ్యాహ్నం క్వారీ కూలీలు వచ్చి రాళ్ళు లాగే గొలుసు వేసి ఒక్కొక్కణ్ణీ పైకి లాగారు. "ఎందుకు దిగారండీ?" అని వాళ్ళు అడిగితే, "పిలిచారు" అన్నాడు భీమేశం.

ఆదివారం తెల్లారింది. ఆకాశం నిండా మబ్బు. విమలా మేడం తిరుగు ప్రయాణంలో బస్సెక్కి తనే ఫోన్ చేసింది. బస్సు గడగడలాడుతోంది.

"భీమేశం గారూ, వినండి. ఇంక ఒకటే దారి. ఆ ప్రింట్లూ, ఎకోలూ, కోట్సూ అన్నీ వదిలెయ్యండి. మొత్తం ఒకేసారి పంపేద్దాం. మొదట ఒక గుర్తు పెట్టండి. ఎండ్ వచ్చేదాకా మధ్యలో ఏమున్నా, ఉన్నది ఉన్నట్టు బయటికి పోతుంది. దేన్నీ మార్చకండి, దేన్నీ వదలకండి. ఎండ్ రాగానే ఆగిపోతుంది. నేను మధ్యాహ్నానికి వస్తున్నా."

బస్సు చప్పుడులో భీమేశానికి అన్నీ స్పష్టంగానే వినబడ్డాయి. అప్పడాల ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఆ ఒక్క మాటా ఎలా వినబడాలో అలాగే వినబడింది.

"ఒరేయ్, లేవండి! ఎండ వచ్చేదాకా ఇంట్లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు బయట పెట్టాలంట. ఎండ రాగానే ఆపెయ్యొచ్చంట!"

ముగ్గురూ ఆకాశం చూశారు. మబ్బు దట్టంగా ఉంది. "అయితే చాలా పనుంది" అన్నాడు కుమారస్వామి, చేతులు రుద్దుకుంటూ.

మొదటి గుర్తుగా గుమ్మంలో ఓ కర్ర పాతారు. తర్వాత మంచాలు, బీరువా, కంప్యూటర్, అప్పడాల డబ్బాలన్నీ వీధిలోకి వచ్చేశాయి. బీరువా లోపల ఎలుక ఉంటే, ఉన్నది ఉన్నట్టు పోవాలి గనక దాన్ని తరమలేదు. మరుగుతున్న రసాన్ని పొయ్యితో సహా ఎత్తుకొచ్చారు. పేరంటాలమ్మ పీట మీద కూర్చుని అప్పడం ఒత్తుతోంది. పీటకి చెరోపక్కా పట్టుకున్నారు.

"ఏంట్రా ఇది? పడేస్తారు నన్ను!"

"కదలకత్తా. ఒత్తుతూనే ఉండు. ఉన్నది ఉన్నట్టు పోవాలి" అన్నాడు భీమేశం.

ఆవిడ గాలిలో కూడా అప్పడం ఒత్తుతూనే వీధిలోకి వచ్చింది. ఇంకా ఎండ రాలేదు. తలుపులు ఊడదీశారు. ఇంకా రాలేదు. గోడ మీది క్యాలెండర్ సంగతికొచ్చేసరికి చిక్కొచ్చింది. క్యాలెండర్ గోడకి ఉంది, ఉన్నట్టే పోవాలంటే గోడ కూడా పోవాలి. కుమారస్వామి గునపం తెచ్చాడు. తాతారావు నిచ్చెన వేసి పెంకులు దించుతున్నాడు.

సరిగ్గా అప్పుడే దుర్గాప్రసాద్ గారి కారు వచ్చింది. వీధి నిండా ఇల్లే ఉండటంతో కారు ముందుకు కదల్లేదు. ఆయన దిగి, మంచాల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. నడివీధిలో పొయ్యి ముందు పేరంటాలమ్మ కూర్చుని ఉంది.

"రండి బాబూ, లోపలికి రండి" అంది ఆవిడ. లోపలంటూ ఏమీ మిగల్లేదు.

దుర్గాప్రసాద్ గారు మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ అప్పుడే నూనెలో వేయించిన అప్పడాన్ని, ఇంకా నెత్తిమీద కాగితంతోనే తిరుగుతున్న పైడయ్య తెచ్చి వడ్డించాడు. ఆయన విరిచాడు. ఆ చప్పుడుకి పక్కింటి వాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. ఆయన ఇంకోటి అడిగాడు. తర్వాత చాలాసేపు ఆయన నోరు ఖాళీ లేదు.

చివరికి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నా. సరుకు చూపించమంటే పైది చూపించి కిందిది దాచేవాళ్ళే అందరూ. ఇల్లు పెంకులతో సహా వీధిలో పెట్టి చూపించినవాళ్ళని ఇక్కడే చూశా. ఆర్డరు మీదేనమ్మా. ఉన్న డబ్బాలన్నీ సాయంత్రం మా లారీకి ఎక్కించండి. ఇక నుంచి మీరు కూర్చుని పని చెప్పండి, చేసేవాళ్ళని పెట్టుకోండి. ఆ పేజీ కూడా పెట్టించేస్తే చాలు."

ఆయన కారు అలా వెనక్కి తిరిగిందో లేదో మబ్బు విడిచి ఎండ కాసింది. "ఆపండ్రా!" అని భీమేశం కేక పెట్టాడు. గోడ బతికిపోయింది.

మధ్యాహ్నం విమలా మేడం బస్సు దిగి వచ్చింది. వీధిలో మంచాలు, నెత్తిమీద రాయితో పైడయ్య, సగం పెంకుల ఇల్లు, అన్నీ చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే వాళ్ళు చెబుతారని భయపడింది. పక్కింట్లోంచి కరెంటు తీగ లాగించి, వీధిలోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. పేజీ చట్రం వేరుగా కట్టి, సరుకు పేర్లు రావాల్సిన చోట ఖాళీలు వదిలి, ఏ రోజు సరుకు ఆ రోజు ఆ ఖాళీల్లో దానంతటదే వచ్చి కూర్చునేలా చేసింది. అప్పడం కాలినంత సేపట్లో తెర మీద పేజీ వచ్చేసింది. పైన పెద్దక్షరాలతో 'పేరంటాలమ్మ అప్పడాలు' అని ఉంది.

పేరంటాలమ్మ దగ్గరకొచ్చి తన పేరుని వేలితో తడిమి చూసింది. పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. భీమేశం పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చి పక్కింటి గోడ నీడన వేశాడు. "కూర్చో అత్తా. ఇవాళ్టి నుంచి నువ్వు పని చెప్పాలి, మేం చెయ్యాలి." ఆవిడ కుర్చీ అంచున బెరుగ్గా కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి వాలింది. అత్త వీపు కుర్చీకి ఆనడం భీమేశం పుట్టాక అదే మొదటిసారి చూడటం.

మేడం సంచీ భుజాన వేసుకుంది. "మీ ముగ్గురికీ ఓ దణ్ణం. ఇంక దేన్నీ ముట్టుకోకండి. లారీ వచ్చేముందు ఒక్కసారి రిఫ్రెష్ చెయ్యండి, అంతే. ఇవాళ్టి సరుకు చక్కగా కనబడుతుంది." వెళ్ళిపోయింది.

"ఫ్రెష్ అంటే ఏంట్రా?" అన్నాడు భీమేశం.

పైడయ్య అందుకున్నాడు. "మా హోటలుకొచ్చే బస్సు ప్యాసింజర్లు అంటారండీ, 'ఫ్రెష్ అయి వస్తాం, ఇడ్లీ పెట్టు' అని. కుళాయి దగ్గరికెళ్ళి స్నానం చేసొస్తారండీ."

"మరి రీ?"

"రీ అంటే మళ్ళీ" అన్నాడు ఏడో తరగతి రెండుసార్లు చదివిన తాతారావు. "పిండి కలిపేటప్పుడు ఒకసారి నీళ్ళు పోశాం కదా. ఇది రెండోసారి."

భీమేశానికి సబబుగానే తోచింది. అప్పడాలు ఇన్నాళ్ళూ పెరటి దుమ్ములోనూ ఎండలోనూ పడున్నాయి, పట్నం వెళ్తూ స్నానం లేకుండా ఎవరైనా వెళ్తారా? వీధిలో ఉన్న తొట్టెలన్నీ నింపారు. పేరంటాలమ్మ కుర్చీలోంచి మొదటి పని చెప్పింది. "చన్నీళ్ళు పోస్తారేంట్రా, పసివాళ్ళు! గోరువెచ్చగా కాచండి."

కాచారు. డబ్బాలు తెరిచి అప్పడాలన్నీ తొట్టెల్లోకి దింపారు. వీపులు రుద్దారు. బొటనవేలితో చెవుల వెనక రుద్దుదామని చూశారు కానీ చెవులు దొరకలేదు. కాసేపటికి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి.

"చూశావా, ఎంత మురికి పట్టి ఉందో!" అన్నాడు కుమారస్వామి. ఆ మురికినీళ్ళు అత్త కంటపడితే బాధపడుతుందని గబగబా తొట్టెలన్నీ కాలవలోకి వంచేశారు. తొట్టెలు కడిగి బోర్లించారు.

లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. "అప్పడాలెక్కడండీ?"

భీమేశం డబ్బాల్లో చూశాడు, లేవు. తొట్టెల కింద చూశాడు, లేవు. మరుక్షణం విషయం తట్టి ముఖం విప్పారింది. తెలివి ఇంటిపేరులో ఉన్నవాడికి ఆమాత్రం తట్టకపోతుందా?

"ఇప్పుడే స్నానం చేశాయండీ. బట్టలు మార్చుకోవడానికి లోపలికెళ్ళాయి. కూర్చోండి, వచ్చేస్తాయి" అన్నాడు, తలుపుల్లేని గుమ్మం చూపిస్తూ.

తమ్ముళ్ళు డ్రైవరుకి మంచం వాల్చారు. పైడయ్య టీ తెచ్చాడు. అందరూ గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు గడియారం చూసుకుని లేవబోతుంటే, నీడన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న పేరంటాలమ్మ చెయ్యెత్తి వారించింది.

"తొందర పెట్టకండి బాబూ. మొదటిసారి పట్నం వెళ్తున్నాయి, కాస్త ముస్తాబవ్వొద్దూ?" అంది.